ఎర్ర హెల్మెట్టు కింద ఎవరు?

జగ్గయ్యపేటలో బండి అడిగితే లేదనడం మహాపాపం. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళు ఇవ్వకుండా పంపించినట్టే లెక్క. "ఒక్క అరగంటలో వచ్చేస్తా, బండియ్యి" అంటే తాళం చేతిలో పెట్టాల్సిందే. పెట్రోలు సంగతి, ఆ అరగంట సాయంత్రం దాకా సాగిన సంగతి తర్వాత దేవుడే చూసుకుంటాడు. కృపాజ్యోతి కూడా తన స్కూటీని ఎవరికీ కాదనేది కాదు. కాకపోతే ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తల్లి లూర్దమ్మ ఆమెను రోజుకు రెండుసార్లు ఊరికే అనేది కాదు. జ్యోతి దగ్గర తాళం పుచ్చుకోవాలంటే ముందు లైసెన్సు చూపించాలి. ఆ తర్వాత మేకుకు వేలాడే ఎర్ర హెల్మెట్టు తలకు తగిలించుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, ఆమె ఎదుట తల అటూ ఇటూ ఊపి చూపించాలి. అప్పుడే తాళం.

"నీ బండికన్నా విమానం ఎక్కడం తేలికే" అని విసుక్కునేవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కుంటూనే హెల్మెట్టు పెట్టుకునేవాళ్ళు. అవసరం వాళ్ళది మరి.

జ్యోతికి ఇరవై తొమ్మిదేళ్ళు. అయిదేళ్ళుగా పాలలారీ తోలుతోంది. చెవిటికల్లు నుంచి మొదలుపెట్టి ఊరూరా క్యాన్లు ఎక్కించుకుంటూ పోవడం ఆమె పని. ఆడపిల్ల లారీ తోలడమేంటని మొదట్లో టీ కొట్ల దగ్గర పడీపడీ నవ్వారు. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ఈ మే నెలలో నందిగామలో ఒక స్కూలువాళ్ళు కొత్త బస్సుకి డ్రైవరుగా ఆమెనే తీసుకున్నారు. సోమవారం బడులు తెరుస్తారు. ఆ పొద్దున్నే చేరాలి. పిల్లల బస్సు, పసుపు రంగుది, పేరు రాయించిన కొత్త బస్సు! ఆ మాట తలుచుకుంటే చాలు, జ్యోతికి అన్నం తింటూ తింటూ కూడా నవ్వొచ్చేది.

సరిగ్గా చేరడానికి వారం రోజుల ముందు పోస్టులో కవరొచ్చింది.

కవరు చించి చదివిన జ్యోతి వసారాలో కూలబడిపోయింది. రవాణా శాఖ నుంచి నోటీసు. తరచుగా ట్రాఫిక్ నిబంధనలు ఉల్లంఘిస్తున్నందున నీ డ్రైవింగ్ లైసెన్సును మూడు నెలల పాటు ఎందుకు సస్పెండు చేయకూడదో శుక్రవారం పదకొండింటికి నందిగామ ఆఫీసుకొచ్చి చెప్పుకోవాల్సిందని దాని సారాంశం. కింద నాలుగు నేరాలు, నాలుగు ఫోటోలు. ఫోను మాట్లాడుతూ నడపడం. ఒకే బండిమీద ముగ్గురు ఎక్కడం. ఎర్ర లైటు దాటడం. మితిమీరిన వేగం.

"తాగి తోలడమొక్కటే తక్కువ," అన్నాడు తండ్రి శాంతయ్య, కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తూ. ఆయనకి అక్షరాలకన్నా ఫోటోలే బాగా అర్థమయ్యాయి. "నాలుగింట్లోనూ నువ్వేగదమ్మా. హెల్మెట్టు మీద పేరు కూడా కనపడతంది."

కనపడక ఏమవుతుంది? పెయింటర్ని పిలిచి, హెల్మెట్టుకి నాలుగు వైపులా పసుపు పచ్చగా "జ్యోతి" అని రాయించింది స్వయంగా ఆమే. అద్దం నల్లది. పట్టీ బిగిస్తే లోపల మనిషో మామిడికాయో ఎవరికీ తెలియదు. జనం తలలు పగలకూడదని ఇంతకాలం తను పడ్డ తాపత్రయమంతా ఇప్పుడు తన తలకే చుట్టుకుంది. ఊళ్ళో అందరిలాగా బోడితలలతో పంపించి ఉంటే ఈ ఫోటోల్లో ఎవరి మొహం వాళ్ళకి దొరికేది కదా!

జ్యోతి నోటీసులో తేదీలు చూసుకుంది. ఆమెకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఎవరికి ఎప్పుడు బండిచ్చిందీ వేళ్ళమీద చెప్పగలదు.

మొదటి ఫోటో కీసర దగ్గర తీసింది. ఆ రోజు బండి పట్టుకెళ్ళింది రైతు రత్తయ్యగారు. శాంతయ్య కౌలుకు చేసే పొలం ఆయనదే. కీసరలో వియ్యంకుడింటికి పోవాలని, తన బుల్లెట్టు మొరాయించిందని వచ్చి అడిగాడు. ఫోను చెవికీ హెల్మెట్టుకీ మధ్య కుక్కేసుకుని ఊరంతా తిరగడం ఆయన అలవాటు. ఫోటోలో హెల్మెట్టు కిందనుంచి ఫోను సగం బయటికి తొంగిచూస్తోంది.

రెండోది ముక్త్యాల రోడ్డు మలుపులో కానిస్టేబులు తీసింది. తోలుతున్నది మేనమామ స్తెఫను. చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఎవరిదో గృహప్రవేశ ప్రార్థనకి వెళ్తూ, వెనక భార్యనీ అక్క లూర్దమ్మనీ ఎక్కించుకున్నాడు. మధ్యలో లూర్దమ్మ కెమెరా వైపే చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"నువ్వెందుకే నవ్వావు?" అన్నాడు శాంతయ్య.

"ఫోటో తీస్తంటే నవ్వమా మరి!" అంది లూర్దమ్మ.

మూడోది నందిగామ సెంటర్లో, మే ఇరవయ్యో తారీకు పొద్దున్న పదకొండూ పదికి. అది ఎవరో మాత్రం జ్యోతి ఇంట్లో చెప్పలేదు. అది ఉద్యోగం కోసం అడగడానికి వెళ్ళిన రోజు. స్కూలు నడిపే ప్రమీలారాణిగారు ఇంటర్వ్యూ మధ్యలో ఫోనొచ్చి హడావిడిగా లేచింది. బ్యాంకులో ఏదో సంతకం, కారేమో బయటికి పోయింది. "నీ బండి ఒక్కసారి ఇవ్వమ్మా" అంది. జ్యోతి తాళం తీసి, ఒక్క క్షణం తటపటాయించి, "మేడమ్, లైసెన్సు చూపిస్తారాండీ?" అనేసింది. ఆ గదిలో గుమాస్తాకి గొంతు పొలమారింది. మేడమ్ ఒక నిమిషం ఎగాదిగా చూసి, బ్యాగులోంచి లైసెన్సు తీసి చూపించి, పట్టీ బిగించుకుని, తల అటూ ఇటూ ఊపి మరీ వెళ్ళింది. అరగంట తర్వాత వచ్చి తాళం బల్లమీద పెట్టి, "నన్నే లైసెన్సు అడిగినదానివి, నా పిల్లల్ని భద్రంగా చూస్తావు. నువ్వే మా డ్రైవరువి" అంది. వెళ్ళిన పనిలో ఎర్ర లైటు దాటిన సంగతి ఆమెకీ తెలియదు, ఈమెకీ తెలియదు. తెలిసిందల్లా కెమెరాకే.

ఇక నాలుగోది. అదే రోజు మధ్యాహ్నం, చిల్లకల్లు దగ్గర. అరవై దాటకూడని చోట ఎనభై రెండు. ఇది మాత్రం ఎవరో కాదు, సాక్షాత్తూ జ్యోతే. ఉద్యోగం వచ్చిన ఆనందంలో ఇంటికెళ్ళి చెప్పాలన్న తొందర! పాలలారీలో అయిదేళ్ళలో ఒక్కనాడు కూడా స్పీడు ముల్లు యాభై దాటించని పిల్ల, ఆ రోజు స్కూటీమీద పాటలు పాడుకుంటూ ఎగిరొచ్చింది.

"ఇది నేనేనమ్మా," అంది చిన్న గొంతుతో.

లూర్దమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "బస్సు తోలేవాళ్ళమీద ఒక్క సస్పెన్షను మచ్చ కూడా ఉండకూడదని ఆ మేడమ్మ కాగితం మీద రాయించుకుందంటివి కదే!"

రాయించుకుంది. మూడు నెలలు లైసెన్సు లేకపోతే సోమవారం లేదు, బస్సు లేదు, పసుపు రంగు లేదు. ఆ సీట్లో ఇంకెవడో కూర్చుంటాడు.

ఏడుస్తూ కూర్చుంటే పనులు జరగవని జ్యోతి ఆ సాయంత్రమే రత్తయ్యగారింటికి బయల్దేరింది. ఆయన వరండాలో ఉయ్యాలబల్లమీద కూర్చుని ఫోటో చూసి ముచ్చటపడ్డాడు.

"బాగానే పడ్డానే! అయితే ఇప్పుడేంటంటావు?"

"శుక్రవారం మీరొచ్చి, అది మీరేనని బ్రేకిన్‌స్పెక్టరు గారితో ఒక్క మాట చెప్పాలండి."

రత్తయ్యగారి మొహం మారింది. "నేనా? ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి తప్పయిపోయిందనాలా? ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారు జ్యోతీ? పోనీ ఆ ఫైనేదో నేను కట్టేస్తా, సరేనా?"

"ఫైను కాదండీ, నా లైసెన్సు పోద్దండి."

లోపల్నుంచి ఆయన భార్య రాఘవమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "పిల్ల బండి పట్టుకెళ్ళినప్పుడు లేని పరువు ఇప్పుడెక్కణ్ణించొచ్చిందండీ మీకు? ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాల్సిందే. వెళ్ళి చెప్పిరండి. లేకపోతే రేపట్నించి ఆ ఫోన్నే అన్నం పెట్టమనండి."

దాంతో రత్తయ్యగారి పరువు ఉయ్యాలబల్ల దిగింది. "సరేనమ్మా, వస్తాలే. మన ట్రాలీ ఆటో ఉందిగా, అందరం దాన్లో పోదాం."

"అమ్మో, వద్దండి! సరుకుల బండిలో మనుషులెక్కితే అదింకో సస్పెన్షనండి! బస్సులో పోదాం."

స్తెఫను మావయ్య దగ్గర పెద్ద గొడవే లేదు. పాపం ఒప్పుకోవడమంటే ఆయనకి ఎప్పుడూ హుషారే. "వస్తానే, డోలక్ కూడా తెస్తా, సాక్ష్యానికి" అన్నాడు.

మిగిలింది ప్రమీలారాణిగారు. గురువారం జ్యోతి స్కూలుకి వెళ్ళింది. నోట్లో మాటలు వరసగా పేర్చుకునే వెళ్ళింది. మేడమ్ మాత్రం ఆమెను చూడగానే సంబరపడిపోయి యూనిఫారం చూపించింది, బస్సు వచ్చేసిందని చెప్పింది. తర్వాత క్రమశిక్షణ మొదలుపెట్టింది. "చూడమ్మా జ్యోతీ, డ్రైవరంటే పిల్లలకి సగం టీచరు. సిగ్నల్ దగ్గర అర సెకను తొందరపడ్డా నేను క్షమించను." ఆ మాట విన్నాక జ్యోతి పేర్చుకున్న మాటలన్నీ కుప్పకూలాయి. "ఏదో చెప్పాలన్నావు?" అని మేడమ్ అడిగితే, "ఏం లేదండీ, యూనిఫారం కొలత సరిపోయిందండీ" అని చెప్పి బయటపడింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఎలాగూ ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పిరికితనం.

శుక్రవారం పదకొండయ్యేసరికి నందిగామ ఆఫీసులో హాజరు పడింది. జ్యోతి, శాంతయ్య, లూర్దమ్మ, ఇస్త్రీ చొక్కాలో రత్తయ్యగారు, మెళ్ళో డోలక్ వేసుకుని స్తెఫను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కిషోర్‌బాబు గారు నవ్వినా తుమ్మినా మొహం మారని మనిషి. బయట ఆవరణలో అర్హత పత్రాల కోసం స్కూలు బస్సులు బారులు తీరి ఉన్నాయి, లోపల బల్లమీద ఫైళ్ళు కొండల్లా ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పైనుంచి గుంపుని చూశాడు.

"కృపాజ్యోతి ఎవరు?"

"నేనేనండి."

"మరి వీళ్ళంతా?"

కంగారులో జ్యోతికి నాలుక తడబడింది. "వాళ్ళు కూడా నేనేనండి! అంటే, ఫోటోల్లోనండి."

కిషోర్‌బాబు గారు పెన్ను మూత పెట్టేశాడు. జ్యోతి ఊపిరి పీల్చుకుని, లైసెన్సు చూసి హెల్మెట్టు పెట్టించి బండివ్వడం దగ్గర్నించి అంతా చెప్పింది. సంచిలోంచి ఎర్ర హెల్మెట్టు తీసి బల్లమీద పెట్టింది.

"కథ బానే ఉంది. రుజువేది?" అన్నాడాయన.

రత్తయ్యగారు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "మొదటిది నేనండి. కావాలంటే చూసుకోండి." అని హెల్మెట్టు తగిలించి, పసుపు కవరున్న ఫోను చెవి పక్కనుంచి లోపలికి దూర్చి, పట్టీ బిగించాడు. ఫోను కింది సగం బయటికి వేలాడింది. ఫోటోలో ఎలా ఉందో అచ్చం అలాగే, అదే పసుపు కవరు. ఇన్‌స్పెక్టరు గారు ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూస్తుండగా ఆ ఫోను మోగింది. పట్టీ ఊడిరాదు, ఫోను బయటికి రాదు. మోగీ మోగీ దానంతటదే ఎత్తుకుంది.

"ఆఁ, చెప్పు!" అని అరిచాడు రత్తయ్యగారు హెల్మెట్టు లోపల్నుంచి. "ఇప్పుడు కాదే, బ్రేకిన్‌స్పెక్టరు గారి ముందున్నా! ఫోను మాట్లాడుతూ దొరికిపోయానని చెప్తన్నా! ఆఁ? కందిపప్పా? ఎంత?"

గుమ్మం దగ్గర నిలబడ్డ గుమాస్తాలు నవ్వలేక గోడవైపు తిరిగారు. స్తెఫనూ శాంతయ్యా చెరోవైపు పట్టుకుని లాగితే హెల్మెట్టు ఊడింది. లోపల్నుంచి రాఘవమ్మ గొంతు "కేజీ చాలు" అంటూ గదంతా వినిపించింది.

"ఒకటి తేలింది," అన్నాడు కిషోర్‌బాబు గారు. మొహం మారలేదు గానీ, ఎందుకో మంచినీళ్ళు తెప్పించుకున్నాడు. "రెండోది?"

"నేనండయ్యా." స్తెఫను కుర్చీమీద స్కూటీమీద కూర్చున్నట్టు కూర్చుని, డోలక్ ముందు పెట్టుకుని, చేతులు చాపాడు. ఫోటోలో కూడా కాళ్ళ దగ్గర డోలక్ అంచు కనిపిస్తోంది.

"తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుందయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇద్దర్ని వెనకేసుకుని ఇదొకటా?"

"మధ్యలో కూర్చున్నది నేనేనండి!" అని లూర్దమ్మ ఫోటోలోలాగే నవ్వి చూపించింది. "మా అమ్మాయే తోలితే నన్నట్టా మధ్యలో కూచోనిచ్చిద్దేంటండీ? వెనకాల ఒక్కరు దాటితే తాళం తీసేసుకుంటది."

"రెండూ తేలాయి. ఇప్పుడు ఈ వేగం సంగతి. ఎనభై రెండు."

రత్తయ్యగారు శాంతయ్య చెవిలో, "మన స్కూటీ ఎనభై రెండు పోద్దా?" అన్నాడు, మెచ్చుకోలుగా.

అంతలో శాంతయ్య గబుక్కున చెయ్యెత్తాడు. "అది నేనండయ్యా."

"కాదండీ, నేను," అంది లూర్దమ్మ.

"ఒకటి ఒప్పుకున్నా కదా, ఇదీ నా ఖాతాలోనే రాసెయ్యండి," అన్నాడు స్తెఫను. రత్తయ్యగారు కూడా ఒక అడుగు ముందుకేశాడు.

"ఏమయ్యా, నీకు లైసెన్సుందా?" అని ఇన్‌స్పెక్టరు శాంతయ్యని అడిగాడు.

"లేదండయ్యా."

"అంటే లైసెన్సు లేనివాడికి ఈ అమ్మాయి బండిచ్చిందన్నమాట. అదింకో కేసు."

"అయ్యబాబోయ్, లేదండి! నాకసలు బండే రాదండి!" అని శాంతయ్య ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు.

జ్యోతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సైకిలుమీద కూడా మలుపు దగ్గర దిగి నడిపించుకెళ్ళే నాన్న, తన కోసం ఎనభై రెండుకి చెయ్యెత్తాడు. "వాళ్ళెవరూ కాదండి. అది నేనేనండి. ఆ రోజే ఉద్యోగమొచ్చిందండి. ఇంటికెళ్ళి చెప్పాలని ఒకటే ఆత్రం. ముల్లు చూసుకోలేదండి. తప్పు నాదేనండి."

కిషోర్‌బాబు గారు నోటీసు దగ్గరికి లాక్కున్నాడు. "నాలుగయితే అలవాటమ్మా. అలవాటుకి సస్పెన్షను. ఒకటయితే పొరపాటు. పొరపాటుకి జరిమానా. ఇంకోటి మిగిలింది. అదే రోజు పొద్దున్న ఎర్ర లైటు. అది కూడా నీదే అయితే ఒక్క రోజులో రెండు, అప్పుడు నేను పొరపాటని రాయలేను. చెప్పు, ఎవరిది?"

జ్యోతి ఫోటో వైపు చూసింది. ఫోటోలో నేతచీర, హ్యాండిలుకి తగిలించిన గోధుమరంగు చేతిసంచి. ఆ మనిషి పేరు నాలుక చివర్నే ఉంది.

అప్పుడే స్ప్రింగు తలుపు తోసుకుని ప్రమీలారాణిగారు లోపలికొచ్చింది. చేతిలో బస్సు కాగితాలు, భుజానికి అదే గోధుమరంగు సంచి. "నమస్తే సార్, మా కొత్త బస్సు బయట సిద్ధంగా ఉందండి, మీరొకసారి..." అంటూ జ్యోతిని చూసి ఆగింది. "నువ్విక్కడున్నావేంటమ్మా?"

"కూర్చోండి మేడమ్, రెండు నిమిషాల్లో అయిపోతుంది," అని ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించాడు. "చెప్పమ్మా. ఆ రోజు బండి ఎవరికిచ్చావు?"

లూర్దమ్మ కూతురి మోచెయ్యి గిల్లింది. ఆమెకి తెలియదు ఎవరో. చెప్పెయ్యమని మాత్రం గిల్లింది. నోరు మూసుకుని కూర్చుంటే మేడమ్ దయ మిగులుతుందేమో, మూడు నెలల తర్వాతైనా పిలుస్తుందేమో అని జ్యోతికి అనిపించింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. రేపు ఇదే మేడమ్ బస్సులో వెనక కూర్చుని, టైమైపోతోంది, లైటు సంగతి వదిలెయ్, పోనివ్వు అంటే? వెనక యాభైమంది పిల్లలుంటారు. ఇప్పుడు పెగలని గొంతు అప్పుడెక్కణ్ణుంచి పెగులుతుంది?

"మేడమ్‌గారికిచ్చానండి," అంది. "ఇంటర్వ్యూ రోజు, మేడమ్. మీరు బ్యాంకుకెళ్ళారు కదండీ. అప్పుడు సెంటర్లో ఎర్ర లైటు దాటారండి. ఇదిగోనండి ఫోటో."

స్తెఫను గాభరాలో డోలక్‌మీద వేలు తగిలించాడు, అది "ధిం" అంది. ప్రమీలారాణిగారు ఫోటో చేతిలోకి తీసుకుంది. చీర చూసింది, సంచి చూసింది, తన ఒళ్ళోని సంచి చూసుకుంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"బ్యాంకు మేనేజరు వెళ్ళిపోతాడేమోనని..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తల పైకెత్తింది. "అవునండి. ఇది నేనే. లైటు చూసుకోలేదు."

"ఒక్కోసారి అయిపోద్దిలెండి మేడమ్," అని రత్తయ్యగారు ఓదార్చాడు, పక్క కుర్చీలోంచి. "నాది ఫోను, నేనూ ఒప్పుకున్నా. ఒప్పుకున్నాక హాయిగా ఉంటదండి."

మేడమ్ ఆయన్ని పట్టించుకోలేదు. జ్యోతి వైపు తిరిగింది. "నిన్న స్కూలుకొచ్చింది ఇది చెప్పడానికేనా?"

"అవునండి."

"మరి చెప్పలేదేం?"

"భయమేసిందండి."

"ఇవాళ వెయ్యలేదా?"

"ఇవాళ ఇంకా ఎక్కువేసిందండి."

అంతే, కిషోర్‌బాబు గారి మొహం మొట్టమొదటిసారి మారింది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఆయన దగ్గిన దగ్గు దగ్గులాగా లేదు. గుమాస్తాలు చూసి మొదలుపెట్టారు, స్తెఫను అందుకున్నాడు, లూర్దమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే అందరికన్నా గట్టిగా నవ్వింది. ప్రమీలారాణిగారు పెదాలు బిగించుకుని కూర్చుని, ఇంక బిగించుకోలేక, ఫోటో బల్లమీద పడేసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. రాసింది పైకి చదివాడు. నాలుగు ఉల్లంఘనలు నలుగురివని తేలినందున సస్పెన్షను నోటీసు రద్దు. ఎవరి జరిమానా వాళ్ళు కట్టుకోవాలి. కృపాజ్యోతికి వేగం విషయంలో గట్టి హెచ్చరిక. రేపు పొద్దున్న పదింటికి రోడ్డు భద్రత క్లాసు ఉంది, నలుగురూ వచ్చి మూడు గంటలు కూర్చోవాలి. "ఫోన్లు బయట పెట్టి రావాలి," అని రత్తయ్యగారి వైపు చూసి మరీ చెప్పాడు.

"క్లాసులో మేడమ్ పక్కన నేను కూర్చోనండి," అన్నాడు స్తెఫను. "చిన్నప్పట్నించీ టీచర్లంటే భయం."

జ్యోతి మాత్రం ఇంకా నవ్వలేదు. లైసెన్సు నిలబడింది, సరే. ఆమె కళ్ళన్నీ మేడమ్ మీదే ఉన్నాయి. పదిమందిలో పరువు తీసినదాన్ని ఎవరు పనిలో పెట్టుకుంటారు? మేడమ్ లేచి, చీర సర్దుకుని, బస్సు కాగితాలు బల్లమీద పెట్టింది.

కిషోర్‌బాబు గారు వాటిని తిరగేశాడు. "అన్నీ సరిగానే ఉన్నాయి. ఒక రౌండు తోలిస్తే బ్రేకులు చూసి సంతకం పెట్టేస్తా. డ్రైవరేడి మేడమ్?"

బస్సుని ఇక్కడిదాకా తెచ్చిన కిరాయి మనిషి దాన్ని ఆవరణలో వదిలేసి అప్పుడే విజయవాడ బస్సెక్కేశాడు. ఆ సంగతి గుమాస్తా చెప్పబోయాడు గానీ, ప్రమీలారాణిగారు అతన్ని చెప్పనివ్వలేదు.

"అదేంటండీ, ఇందాకట్నించీ మీ ఎదురుగానే నిలబడి ఉందిగా మా డ్రైవరు," అంది. సంచిలోంచి తాళాలు తీసి జ్యోతి చేతిలో పెట్టింది. "వెళ్ళమ్మా, సారుకి బ్రేకులు చూపించు. నేను తొందరపెట్టినా సరే, నీ పద్ధతిలోనే తోలు."

లూర్దమ్మ గట్టిగా ఏడ్చేసి, శాంతయ్య భుజంమీద తువ్వాలు లాక్కుని ముక్కు తుడుచుకుంది. రత్తయ్యగారు "మేమూ ఒక రౌండెక్కొచ్చా?" అని అడిగాడు. జ్యోతి "ఎక్కకూడదండీ" అని చెప్పి, అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వంతా బయటికొచ్చేస్తుంటే ఆపుకోకుండా నవ్వుకుంటూ, మెట్లమీద ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకుని, వెళ్ళి బస్సెక్కింది.